కాలాపేటలో రద్దయిన రౌండు

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. టీవీ ఆటల పోటీల్లో రెఫరీగా కొత్తగా చేరిందట, పని ఎలా చెయ్యాలో నాలుగు ముక్కలు చెప్పమంది. నాలుగు ముక్కల్లో తేలే పని కాదిది. పైగా ఫోన్లో మాట్లాడితే నాకు కోపం ముందు వస్తుంది, మాట తర్వాత వస్తుంది. అందుకని రాస్తున్నాను.

నేను రాసేది తెలుగులో, ఉండేది పుదుచ్చేరిలో, రెడ్డియార్‌పాళయంలో. మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి, తెలుగు చదివే ఇల్లు ఒక్కటీ లేదు. తాతల నాటి నుంచీ మాకు ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. నేనూ పెద్దయ్యాకే అక్షరాలు నేర్చుకున్నాను. హైదరాబాద్ స్టూడియోల్లో ఆటల నియమాలు చదవాల్సి వచ్చి, దుకాణాల బోర్డులు కూడబలుక్కుంటూ తిరిగాను. కాబట్టి ఈ కాగితాలు తీసుకెళ్ళి పక్కింటి గోడ మీద పెట్టి వచ్చినా వాళ్ళు చదవలేరు. అది మంచికో చెడుకో నాకింకా తెలియడం లేదు.

అసలు పని

నేను మొదట డ్రిల్లు మాస్టారిని. సాయంత్రాలు వాలీబాల్ పోటీలకు రెఫరీగా వెళ్ళేవాణ్ణి. చెన్నైలో ఒక టీవీ వాళ్ళు కాలేజీ పిల్లలతో ఆటల పోటీ పెట్టి, గొడవలు ముదిరి, ఈల ఊదే మనిషి కోసం వెతుకుతూ నన్ను పిలిచారు. సెలవు పెట్టి వెళ్ళాను. తర్వాత ఉద్యోగమే వదిలేశాను. మా నాన్న అప్పటికి బతికి ఉంటే చెవి మెలేసేవాడు.

రెఫరీ అంటే ఈల ఊదడం అనుకుంటారు కొత్తవాళ్ళు. ఈల అన్నిటికన్నా చివరి పని. పోటీదారులు రాకముందే ప్రతి ఆటనూ మనం ఆడి చూడాలి. ఎక్కడ విరుగుతుందో, ఎవరికి సులువో, ఎవరికి కష్టమో పట్టుకోవాలి. యాంకర్ ఒక్క ఊపిరిలో చెప్పగలిగేలా నియమాన్ని కుదించాలి. ఆట నడిచేటప్పుడు కెమెరాకు కనబడని మూల నిలబడి చూడాలి. తీర్పు మనది, పలికేది యాంకర్. తీర్పు బాగుంటే చప్పట్లు ఆయనకు, బాగోకపోతే తిట్లు మనకు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

నేను రిటైరయ్యే ముందు రోజుల్లో వచ్చినవన్నీ వీడియో గేముల పోటీలే. కొంతమందిని ఒక ఇంట్లో పెట్టి, ఫోన్లలో కాల్పుల ఆటలు, రేసులు ఆడించి, వారం వారం ఒకరిని ఇంటికి పంపడం. ముసలాడికి ఇవేం తెలుస్తాయని సెట్లో కుర్రవాళ్ళు నవ్వుకున్నారు. ఫోన్లన్నీ ఒకే రకం, ఇక ఇందులో అన్యాయం ఎక్కడ జరుగుతుందని ఒక నిర్మాత నన్నే అడిగాడు. పెద్ద లైటు కింద కూర్చున్నవాడి ఫోన్ వేడెక్కి నెమ్మదిస్తుందని అతని చెయ్యి పట్టుకెళ్ళి తాకించి చూపించాను. అప్పటి నుంచి రౌండుకీ రౌండుకీ మధ్య కుర్చీలు మార్పించేవాణ్ణి.

నన్ను వినోదానికి శత్రువు అనేవాళ్ళు. అది అబద్ధం. జనం నవ్వాలి, అరవాలి, రేపు కూడా చూడాలనుకోవాలి. అది లేకపోతే మనకు జీతం లేదు. కానీ ఆట ముందే ఒకరి వైపు ఒరిగి ఉందని చూసేవాడికి అనుమానం వచ్చిందంటే, ఆ తర్వాత ఎన్ని పాటలు పెట్టినా ఎంత మందిని ఏడిపించినా వాడు ఛానెల్ మారుస్తాడు. ఇన్నేళ్ళలో నేను చూసింది ఇదే.

పొడుగువాళ్ళు ఆడి చూసిన ఆట

ఒకసారి హైదరాబాద్‌లో ఒక పాత వీడియో గేమును నేల మీదకు దించారు. పైన వేలాడే పెట్టెలను ఎగిరి తలతో కొట్టాలి, కొడితే నాణేలు రాలాలి. ముందు మా సహాయకులు ఆడి చూశారు, భలే ఉందన్నారు, నేను సరే అన్నాను. అసలు రోజు ఒక పొట్టి అమ్మాయి ఎగిరింది. అందలేదు. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ ఎగిరింది, సెట్టంతా నవ్వింది. డైరెక్టర్ కెమెరాను ఆ అమ్మాయి మొహం మీదే ఉంచాడు.

మా సహాయకులంతా పొడుగువాళ్ళు. పెట్టెలు కట్టింది కూడా వాళ్ళే. తమ తలకు తగ్గట్టు కట్టుకుని, తామే ఆడి, బాగుందన్నారు. ఆట తయారుచేసినవాడు ఆ ఆటను పరీక్షించకూడదని నాకు ఆ రోజు తెలిసింది. తర్వాత ఏ ఆటకైనా క్యాంటీన్ వంటావిడనో, బట్టలు కుట్టే ఆయననో, తోట పనివాళ్ళనో పిలిచి ఆడించేవాణ్ణి. వాళ్ళు ఆడితే లోపాలు ఇట్టే బయటపడేవి. మీరూ అలాగే చెయ్యండి.

సుభద్రమ్మ గారి నియమం

నేను కలిసి పనిచేసిన పెద్దవాళ్ళలో గుర్తుపెట్టుకోదగ్గ మనిషి సుభద్రమ్మ గారు ఒక్కరే. షూటింగ్ ఫ్లోర్ అంతా ఆవిడ చేతిలో ఉండేది. మొదటి రోజే నన్ను పిలిచి, పోటీదారులతో మాట్లాడకూడదు, యూనిట్‌తో కలిసి తినకూడదు అన్నారు. రెఫరీ ఎవరి పక్కన కూర్చుని అన్నం తింటే వాళ్ళ మనిషి అయిపోతాడని ఆవిడ వాదన. నా భోజనం విడిగా పంపించేవారు. బట్టల ట్రంకులు పెట్టే గదిలో ట్రంకు మీద పళ్ళెం పెట్టుకుని తినేవాణ్ణి.

ఆ నియమం సరైనదే. ఇవాళ్టికీ మీకు అదే చెబుతాను. పక్కనే కూర్చుని పప్పు వడ్డించుకున్న కుర్రాడిని మధ్యాహ్నం ఔట్ అని పంపించడం తేలిక కాదు. ఒకవేళ పంపించినా, పంపించకపోయినా, చూసేవాళ్ళు నమ్మరు. కానీ సుభద్రమ్మ గారు ఒక సంగతి చెప్పలేదు. అన్నేళ్ళు ఒంటరిగా తిన్నవాడికి మనుషుల మధ్య కూర్చుని తినడం మళ్ళీ రాదు. సెలవుల్లో ఇంటికొస్తే మా ఆవిడ రాజేశ్వరి, మళ్ళీ గోడ వైపు తిరిగి కూర్చున్నారా అని వేళాకోళం చేసేది. నాకు తెలిసేది కాదు, కాళ్ళే అటు తిరిగేవి.

నేను రిటైరవ్వకముందే ఆమె పోయింది. పిల్లలు లేరు. ఊరికి తిరిగొస్తే చిన్నప్పటి స్నేహితుల్లో కొందరు లేరు, ఉన్నవాళ్ళకు నేను టీవీ మనిషిని. పలకరిస్తారు, కూర్చోమనరు. వచ్చిన కొత్తల్లో కూరగాయల అంగడిలో తప్ప ఎవరితోనూ మాట్లాడని రోజులు ఉండేవి.

పక్కింటి సరోజ ఒకనాడు పొద్దున గోడ మీద నుంచి, అన్నా, కాఫీ తాగతావా అని అడిగింది. ఆమె భర్తకు మెయిన్ రోడ్డులో హార్డ్‌వేర్ అంగడి ఉంది, ఆయన తొందరగా వెళ్ళిపోతాడు. కూతురు భార్గవి కదిర్కామం ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్, డ్యూటీకి వెళ్ళేదాకా ఫోన్లో గేములు ఆడుతూ ఉంటుంది. వాళ్ళ వరండాలో కూర్చుని ఆ పిల్లను మందలించే వంకతో రోజూ ఒక అరగంట గడిపేవాణ్ణి. సరోజ ఫిల్టర్ మూత మీద చెంచాతో రెండు దెబ్బలు కొట్టేది, డికాషన్ దిగడానికి. ఆ చప్పుడు వినబడితే నేను చొక్కా వేసుకుని బయల్దేరేవాణ్ణి. ఊళ్ళో నాకున్న ఇల్లు అదొక్కటే అనుకోండి.

కాలాపేట హాలు

హైదరాబాద్ వాళ్ళ తెలుగు గేమింగ్ షో ఒకటి కాలాపేటలో సముద్రం పక్క ఒక పెద్ద బంగళాలో తీయడానికి వచ్చింది. నిర్మాత శ్రీధర్ నాకు పాత పరిచయం. రిటైరయ్యానయ్యా అన్నా వినలేదు. మీ ఊరే కదా సార్, బస్సెక్కితే వచ్చేస్తారు అన్నాడు. నాకూ ఇంట్లో తోచడం లేదు, ఒప్పుకున్నాను.

మొదటి రోజు పోటీదారులు వరుసగా నిలబడితే వాళ్ళల్లో భార్గవి ఉంది. నన్ను చూసి నవ్వబోయి ఆపుకుంది. నేను నేరుగా శ్రీధర్ దగ్గరికి వెళ్ళి, ఆ అమ్మాయి మా పక్కింటి పిల్ల, రోజూ వాళ్ళింట్లో కాఫీ తాగుతాను, వేరే రెఫరీని చూసుకో అన్నాను. ఇప్పటికిప్పుడు ఎవరిని తెమ్మంటారు సార్, ఊళ్ళోవాళ్ళందరూ మీకు తెలిసినవాళ్ళేగా అని నవ్వేశాడు. చెప్పాల్సింది చెప్పానని ఊరుకున్నాను. ఆ సాయంత్రం సరోజ గోడ దగ్గరికి వచ్చి, "అన్నా, పిల్ల మీ షూటింగులోనే ఉందంట గదా. రవంత చూసుకో" అంది. షూటింగు అయ్యేదాకా కాఫీకి రానని మాత్రం చెప్పాను. ఆమెకు అది పెద్ద విషయంగా అనిపించలేదు.

ఆటలో భార్గవి గట్టిది. కళ్ళు చురుకు, వేళ్ళు ఇంకా చురుకు. మా ఇంటి తెలుగు మాట్లాడితే యాంకర్‌కు నవ్వు. యాడ, ఏంది అంటుంటే మళ్ళీ మళ్ళీ అనిపించేవాడు. ఆమెకు సరిజోడు యానాం నుంచి వచ్చిన సత్తిబాబు. మాటకు ముందొక అండి, వెనకొక అండి. చూస్తూ చూస్తూ ఇద్దరూ ఫైనల్‌కు ముందు రౌండులో ఎదురెదురు పడ్డారు. ఓడినవాళ్ళు ఇంటికి.

ఆ రౌండు ఒక కాల్పుల ఆట. పాడుబడ్డ ఊరిలాంటి చోట ఇద్దరూ దాక్కుంటూ తిరగాలి, ముందు ఎవరు ఎవరిని కాలిస్తే వాళ్ళు గెలిచినట్టు. ఇద్దరి ఫోన్లలో కనిపించేదీ వాళ్ళ తలల వెనక పెద్ద తెర మీద జనానికి కనబడుతుంది. అంటే ఎవరెక్కడున్నారో జనానికి తెలుసు, ఆడేవాళ్ళకు తెలియదు. హెడ్‌ఫోన్లు రెండు చెవులనూ మూయాలని నేను నియమాల్లో రాశాను. శ్రీధర్ ఒక చెవి తెరిపించాడు. యాంకర్ జోకులకు వాళ్ళు నవ్వాలి, జనం అరుపుకు ఉలిక్కిపడాలి, అప్పుడే మజా అన్నాడు. జనం ఉత్త చప్పుడే కదా అని నేను ఒప్పుకున్నాను.

ఆ జనం ఎవరు? చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బస్సుల్లో తెచ్చినవాళ్ళు. అందరూ తమిళం వాళ్ళు. తెలుగు షో చూడ్డానికి వచ్చారు గానీ ఒక్క ముక్క అర్థం కాదు, కాబట్టి తెర చూస్తూ కూర్చున్నారు. భార్గవి మన ఊరి పిల్ల అని వాళ్ళకు తెలిసింది. ఆట మొదలయ్యాక సత్తిబాబు గోడ చాటు నుంచి మెల్లగా ఆమె వెనక్కి చేరాడు. హాలంతా ఒక్క గొంతుతో "పిన్నాలే! పిన్నాలే!" అని అరిచింది. పిన్నాలే అంటే వెనకాల. భార్గవి గిరుక్కున తిరిగి కాల్చింది.

హాలు ఊగిపోయింది. యాంకర్ కుర్చీ ఎక్కాడు. శ్రీధర్ నా భుజం మీద చరిచి, చూశారా సార్ ఎనర్జీ అన్నాడు. యూనిట్ మొత్తంలో నేను తప్ప తమిళం వచ్చినవాడు ఒక్కడూ లేడు. కెమెరా వాళ్ళు, సౌండ్ వాళ్ళు, యాంకర్, అందరూ హైదరాబాద్ వాళ్ళు. వాళ్ళ చెవికి అది ఉత్సాహం. ఓడిన సత్తిబాబుకు కూడా అంతే. "ఆవిడ భలే ఆడిందండీ బాబూ, నేనెనకాల ఉన్నానని ఎలా కనిపెట్టేసిందో ఏటో" అని యాంకర్‌తో మెచ్చుకున్నాడు. ఆ అరుపేమిటో ఆ హాల్లో తెలిసింది జనానికి, భార్గవికి, నాకు. చెప్పాల్సిన పని నా ఒక్కడిదే.

నేను ఫలితం ప్రకటించవద్దన్నాను. శ్రీధర్ నన్ను బయటికి తీసుకెళ్ళాడు. సంగతి చెబితే మొదట నమ్మలేదు, నమ్మాక వాదించాడు. అతను తెలివితక్కువవాడు కాదు. సొంత ఊళ్ళో ఆడితే జనం మద్దతు ఉండదా, ఏ మైదానంలో లేదు సార్ అన్నాడు. చప్పట్లు కొట్టడం మద్దతు, చోటు చెప్పడం ఆడటం, అక్కడ ఒక పిల్లాడి మీద హాలంతా కలిసి ఆడింది అన్నాను. అప్పుడతను అసలు భయం బయటపెట్టాడు.

"సార్, ఆ అరుపే మన షో. అది తీసేస్తే ఇద్దరు కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నట్టుంటుంది. ఆ సీను చూడ్డానికి టీవీ ఎందుకు, ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది."

మాట నిజమే. అందుకే జనాన్ని తీసెయ్యమనలేదు. పక్క షెడ్డులో ఇంకో తెర పెట్టి జనాన్ని అక్కడ కూర్చోబెట్టు, వాళ్ళ అరుపును అక్కడే తీసుకో, ఆడేవాళ్ళకు వినబడనివ్వకు అన్నాను. గొణిగాడు, ఒప్పుకున్నాడు. రౌండు రద్దు, మళ్ళీ ఆడాలి అని యాంకర్ చెప్పాడు. సాంకేతిక కారణం అన్నాడు. అసలు కారణం చెబితే బాగుండేది. అది చెప్పించకపోవడం పొరపాటని తర్వాత తెలిసింది.

నడవలో భార్గవి నాకు ఎదురొచ్చింది. మొహం ఎర్రబడి ఉంది. "మామా, నేను దొంగాట ఆడలా" అంది. పోటీదారుతో మాట్లాడకూడదు. నేను జవాబు చెప్పకుండా పక్క నుంచి వెళ్ళిపోయాను.

రెండోసారి హాలు నిశ్శబ్దంగా ఉంది. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. సత్తిబాబు మళ్ళీ వెనక నుంచే వచ్చాడు, ఈసారి ఆమె తిరగలేదు. ఓడిపోయింది. మనసు చెదిరిన మనిషిని వెంటనే మళ్ళీ ఆడించడం కూడా అన్యాయమేనని అప్పుడనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. మర్నాటికి వాయిదా వేస్తే హాలు అద్దె ఎవరిస్తారని అడిగేవాళ్ళు, నేను కొట్లాడి ఉండాల్సింది, కొట్లాడలేదు.

టీవీలో వచ్చింది

షో ప్రసారం అయ్యేదాకా ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పకూడదని మా అందరి దగ్గరా సంతకాలు తీసుకున్నారు. నేను మళ్ళీ కాఫీకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఎట్లా ఆడింది మా పిల్ల అని సరోజ అడిగితే, టీవీలో చూడమ్మా అనేవాణ్ణి. భార్గవి ఫోన్ నుంచి తల ఎత్తేది కాదు. మా ఇద్దరికీ తెలిసిన విషయం ఒకటి మధ్యలో కూర్చుని ఉండగా ఆ కాఫీ తాగేవాళ్ళం.

ఒక ఆదివారం సాయంత్రం ఆ రౌండు వచ్చింది. సరోజ హాల్లో చుట్టాలు, ఇరుగుపొరుగు, కింద చాపలు. రద్దయిన రౌండు చూపించలేదు, దాని ఊసే లేదు. నేరుగా రెండో రౌండు. సత్తిబాబు మెల్లగా భార్గవి వెనక్కి చేరుతున్నాడు. అప్పుడు టీవీలో నుంచి జనం గొంతు విరుచుకుపడింది. పిన్నాలే, పిన్నాలే, పిన్నాలే. మొదటి రౌండు అరుపు తెచ్చి రెండో రౌండు బొమ్మ మీద అతికించారు. తెర మీద భార్గవి కదలకుండా ముందుకే చూస్తూ కూర్చుని ఉంది. సత్తిబాబు కాల్చేశాడు.

ఆ హాల్లో అందరికీ తమిళం వచ్చు. నవ్వు మొదలైంది. సరోజ తమ్ముడు కన్నప్ప కళ్ళు తుడుచుకుంటూ, "ఏందే పిల్లా, ఊరంతా యెనకాల యెనకాల అని గొంతు చించుకుంటే నీకు యాడ పోయినాయే చెవులు?" అన్నాడు. భార్గవి నా వైపు చూసింది. నేను చేతిలో మురుకు ముక్క వైపు చూసుకున్నాను. నేను చెప్పగలిగి ఉండీ ఆ సాయంత్రం చెప్పలేదు, సంతకం ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

మర్నాడు శ్రీధర్‌కు ఫోన్ చేసి కేకలేశాను. అతను నిజంగానే తెల్లబోయాడు. హాలు నిశ్శబ్దంగా ఉంటే ఎవరు చూస్తారని ఎడిటర్ అరుపు వేశాడట. షెడ్డులో తీసిన అరుపు బాగా రాలేదు, మొదటి రౌండుది బాగుంది, అది వేశాడు. ఎడిటర్‌కు తమిళం రాదు. అతనికి అది సముద్రం హోరులాంటిదే. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఆ ముక్క ఇప్పటికే అందరి ఫోన్లలో తిరుగుతోంది సార్, అమ్మాయికి పేరే కదా వచ్చింది అని శ్రీధర్ నన్ను సముదాయించబోయాడు.

పేరు వచ్చింది. వీధి పిల్లలు ఆమె స్కూటీ వెంట పరుగెత్తి పిన్నాలే, పిన్నాలే అని అరిచేవాళ్ళు. ల్యాబులో కూడా అదే పిలుపు. ఓడినందుకు కాదు, చెప్పినా వినబడని మొద్దు అయినందుకు. ఆ పిల్ల చెవుల చుట్టూ చున్నీ చుట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టింది. ఫోన్లో ఆటలు తీసేసింది. అసలే ఓటమి, ఆ పైన ఇది, గోరుచుట్టు మీద రోకటి పోటు.

ఒక పొద్దున సరోజ నా చేతికి కాఫీ ఇచ్చి పక్కన కూర్చుంది. గొంతు తగ్గించి, పిల్లకు నిజంగానే చెవి సరిగ్గా వినబడదేమో, పెద్ద డాక్టరుకు చూపించాలేమో అంది. మందలింపు కాదు, హాస్యం కాదు. తల్లి భయపడుతోంది. లోపల గదిలో ఆ పిల్ల ఈ మాట వింటోందని నాకు తెలుసు.

సంతకం సంగతి అక్కడితో వదిలేశాను.

"సరోజా, పిల్ల చెవులు బంగారం మాదిరి ఉండాయి. ఆ అరుపు ఆ ఆటది కాదు. అంతకు ముందు ఆడిన ఆటది. అందులో భార్గవి గెలిచింది."

గెలిచిందా అని ఆమె మొహం విప్పారింది. మిగతాది కూడా చెప్పాను. జనం చోటు చెప్పారని, ఆ పిల్ల దొంగాట ఆడలేదని, చెవికి మూత లేదు గనుక వినబడిందని, అవతలి పిల్లవాడికి తమిళం రాదని, అందుకని రౌండు కొట్టేశారని. ఆమె అంతా శ్రద్ధగా వింది. చివరికి, ఎవరు కొట్టేసిందని అడిగింది.

"నేనే."

సరోజ గోడ మీది కాకిని అదిలించింది. నేను చేసింది తప్పని ఆమె అనలేదు. అంటే జవాబు చెప్పగలిగేవాణ్ణి, ఒక జీవితమంతా ఆ జవాబులే చెప్పాను.

"ఆ పొద్దు నించి దినామూ నా చేతి కాఫీ తాగితివి గదన్నా" అంది.

నేను గ్లాసు కింద పెట్టాను. సగం అలాగే ఉంది. లోపలి గది తలుపు దగ్గర భార్గవి నిలబడి ఉంది.

నీకు చెప్పేది

ఆ రోజే కన్నప్పకు చెప్పాను, వీధిలో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాను. శ్రీధర్ సంస్థ నుంచి ఒక కోపపు ఫోన్ వచ్చింది, ఆ తర్వాత ఏ ఫోనూ రాలేదు. స్కూటీ వెంట పరుగెత్తడం మెల్లగా ఆగిపోయింది. ఇప్పుడు వీధిలో మాట ఏమిటంటే, గెలిచిన పిల్లను పక్కింటాయనే ఓడించాడని. అందులో అబద్ధం లేదు కాబట్టి నేను దిద్దలేదు.

ఫోన్ చేసిన అమ్మాయీ, నువ్వు చూసుకోవాల్సినవి ఇవి. కూర్చోబెట్టిన జనం ఏ భాష వాళ్ళో ముందు కనుక్కో, వాళ్ళ భాష వచ్చినవాళ్ళను ఒకరిని పక్కన పెట్టుకో. తీర్పు కారణం దాచనివ్వకు, సాంకేతిక కారణం అనే మాట విన్నప్పుడల్లా ఎవరి పరువో పోబోతోందని అనుకో. ఎడిటింగ్ గదిలోకి రెఫరీకి దారి లేదంటారు. పోట్లాడి వెళ్ళు. ఫ్లోర్ మీద నేను కాపాడిన న్యాయం అంతా ఆ గదిలో ఒక చప్పుడు అతికించేసరికి తలకిందులైంది. నేను బయట కాఫీ తాగుతూ ఉన్నాను.

ఒంటరిగా తినమని కూడా చెబుతాను. కానీ అది షూటింగు రోజులకే అనుకోకు. నేను అలా అనుకునే ఊరికి తిరిగొచ్చాను.

మొన్న సాయంత్రం భార్గవి డ్యూటీ నుంచి వస్తూ మా గేటు ముందు స్కూటీ ఆపింది. తలకు చున్నీ లేదు. ఇంజన్ ఆపకుండానే, అమ్మకు కోపం ఇంకా దిగలేదు మామా అంది. తెలుసమ్మా అన్నాను. ఇంకేదో అడగాలని నిలబడింది.

"నడవలో ఆ పొద్దు నువ్వు జవాబు చెప్పకుండా పోతివే. నేను దొంగాట ఆడినానని అనుకున్నావేమోనని ఇన్నాళ్ళూ అనుకుంటా ఉంటిని."

లేదమ్మా అన్నాను. ఒక్క మాట, అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆమె తలూపి పక్క గేటులోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు కాఫీ నేనే పెట్టుకుంటాను. నాకు డికాషన్ సరిగ్గా దిగదు, ఇన్‌స్టంట్ కాఫీతో సరిపెట్టుకుంటాను. వంటింట్లో నిలబడి, గోడ వైపు తిరిగి తాగుతాను. సరిగ్గా ఆ వేళకే గోడ అవతల సరోజ ఫిల్టర్ మూత మీద చెంచాతో రెండు దెబ్బలు కొడుతుంది. చొక్కా కోసం చెయ్యి దానంతటదే కొక్కెం వైపు వెళుతుంది. ఆ చప్పుడు వినకూడదని రోజూ అనుకుంటాను. చెవికి మూత లేదు.